చేయూత గది బయట

“తొయ్యాలమ్మా, లాగితే రాదు.”

పిచ్చుక చప్పున తలుపు మీంచి చెయ్యి తీసేసింది. లోపలికి వెళ్లాలా వద్దా అని తేల్చుకునేలోపే ఎవరో చూసేశారు. పక్కన బెంచీ మీద నలభై అయిదేళ్ల మనిషి కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, నున్నగా దువ్విన తల. తలుపు మీద ‘చేయూత కేంద్రం’ అని పెద్ద బోర్డు. దాని కింద చిన్న అక్షరాల్లో ‘ఇంట్లోంచి మొట్టమొదటగా కాలేజీకి వచ్చినవారి కోసం’ అని రాసి ఉంది.

“లోపలికి వెళ్దామని కాదు సార్. ఊరికే చూస్తున్నాను.”

“మొదట అందరూ ఊరికే చూడ్డానికే వస్తారు. కూర్చో. సార్ అనక్కర్లేదు.”

ఎంత నిగర్వి అనుకుంటూ పిచ్చుక బెంచీ చివర అంటీ అంటనట్టు కూర్చుంది.

ఇంట్లో నోరు మూతపడదని వాళ్ల నాన్న పెట్టిన పేరది. ఆ పిచ్చుకే కాలేజీలో చేరి నెలన్నర అయినా క్లాసులో నోరు విప్పలేదు. మొదటి లెక్కల పరీక్షలో ఇరవైకి మూడొచ్చాయి. అర్థం కాలేదని చెప్పడం కూడా ఎలాగో తెలియలేదు. నెలాఖరుకి చదువు మానేసి, అమ్మ పనిచేసే బట్టల దుకాణంలోనే చేరిపోదామని లోలోపల నిశ్చయించేసుకుంది.

“ఏం, భయమా?” అన్నాడాయన.

“భయం కాదు. మా నాన్నకి ఇష్టం లేదు. మనకి చేతకాదని మనమే సంతకం పెట్టి చెప్పుకోవాలా అన్నారు.”

“నాన్నగారేం చేస్తారు?”

“ఇళ్లకి టైల్స్ వేస్తారు.”

“మొదటి రోజు నుంచీ ఒక్కరే వేశారా? ఎవరో మేస్త్రీ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పే ఉంటాడుగా. దానివల్ల నాన్నగారి పరువేమైనా పోయిందా?”

పిచ్చుక ఆలోచనలో పడింది. పరువు పోవడం మాట అటుంచితే, ఆ మేస్త్రీ ఎక్కడ కనబడినా నాన్న ఈనాటికీ బండి దిగి మాట్లాడతాడు.

“లోపల ఎలా ఉంటుంది?” అని మెల్లగా అడిగింది.

“తలుపు తియ్యగానే కిర్రుమంటుంది. అందరూ తలెత్తి చూస్తారు. రెండే రెండు సెకన్లు. ఆ తర్వాత ఎవరి గొడవ వాళ్లది. మేడమ్ ఒంటిగంటకి భోజనానికి వెళ్తారు, ఒకటీ నలభైకల్లా వచ్చేస్తారు. వచ్చేటప్పుడు మంచి హుషారుగా ఉంటారు. అప్పుడెళ్లడం మేలు. ఈలోగా ఫారం నింపెయ్, అదిగో ఆ ట్రేలో ఉన్నాయి. ఏడో ప్రశ్న దగ్గర అందరూ ఆగిపోతారు, చూసుకో.”

పిచ్చుక కూడా అక్కడే ఆగిపోయింది. ‘మీకు ఏ సాయం కావాలి?’ అని ఉంది.

“దీనికేం రాయాలి సార్?”

“ఉన్నదున్నట్టు రాయి. అందంగా రాద్దామని కూర్చుంటే తెల్లారిపోతుంది. ఫారం ఇవ్వడానికి ఇవాళే ఆఖరు రోజు, నాలుగు దాటితే తీసుకోరు.”

రెండుసార్లు రాసి కొట్టేసి, మూడోసారి రాసింది. ‘లెక్కలు అర్థం కావడం లేదు. అడగడానికి సిగ్గేస్తోంది.’ రాశాక చదువుకుంటే, నెలన్నర నుంచి గుండెల మీద మోస్తున్న బరువు ఇంతేనా అనిపించింది.

“లోపలికెళ్లి ఎవరైనా ఏడుస్తూ బయటికొచ్చారా సార్?”

“ఒక్కరూ రాలేదు. నేను చూస్తూనే ఉన్నానుగా. నిన్నైతే ఒకమ్మాయి ఈల వేసుకుంటూ వెళ్లింది.”

ఒకటీ నలభై దాటాక పిచ్చుక లేచి తలుపు తోసింది. అది కిర్రుమంది. తలలన్నీ ఇటు తిరిగాయి. ఒకటి, రెండు అని మనసులో లెక్కపెట్టుకుందో లేదో, మళ్లీ అన్నీ పుస్తకాల్లోకి వెళ్లిపోయాయి.

మేడమ్ ఫారం చదువుతూ ఏడో ప్రశ్న దగ్గర నవ్వారు. “పోయినేడాది ఒకబ్బాయి ఇక్కడ ‘ఏమీ అక్కర్లేదు’ అని రాసి, గంటసేపు ఆ కుర్చీలోంచి లేవలేదు. నువ్వు చాలా నయం. రేపట్నుంచి రోజూ నాలుగింటికి రా. మూడో ఏడాది అక్క ఒకావిడ లెక్కలు చెబుతుంది.”

“మరీ చిన్న చిన్న సందేహాలు కూడా అడగొచ్చా మేడమ్?”

“వాటి కోసమే ఈ గది.”

ఇంకేముంది, పిచ్చుక అక్కడికక్కడే వరసపెట్టి నాలుగు అడిగేసింది. నెలన్నర తర్వాత కాలేజీలో తన గొంతు తనకే వినబడింది.

బయటికి రాగానే బెంచీ మీది ఆయన గబుక్కున లేచాడు.

“ఏమన్నారు? కసిరారా?”

“అబ్బే, ఎంత బాగా మాట్లాడారో.”

“చాలాసేపు పట్టిందా?”

“నా ప్రశ్నల వల్లే పట్టింది. లేకపోతే పది నిమిషాల పని.”

“ఫారంలో తప్పులేమైనా పట్టారా?”

“ఒకచోట సంతకం మర్చిపోయాను. పెట్టించుకున్నారు, అంతే.”

తన గురించి పరాయి మనిషి ఇంత ఆరాటపడుతుంటే పిచ్చుక చేతులు జోడించింది. “మీలాంటివాళ్లు ఇక్కడ పనిచేస్తుండబట్టి సరిపోయింది సార్. లేకపోతే నేను వెనక్కే వెళ్లిపోయేదాన్ని.”

ఆయన ఆ మాటకి తల వంచుకున్నాడు. గోడ గడియారం వైపు ఒకసారి, తలుపు వైపు ఒకసారి చూశాడు.

“నాకో సాయం చేసిపెట్టు. కాస్త నాతో లోపలికి రా.”

“మీకు నేను తోడెందుకు సార్?”

“నాలుగు రోజుల్నుంచి ధైర్యం చాలడం లేదు తల్లీ, నేనూ ఫస్టియరే.”