వైరు గిటారు, మైకు గిటారు

స్టేజీ మీద పరిచిన జంపఖానాపై రెండు గిటార్లు పక్కపక్కన ఉన్నాయి.

నల్లది పక్కింటి రాజేశ్ భయ్యా ఇచ్చింది. వైరు గుచ్చితే చాలు, సౌండ్ బాక్సులోంచి పలుకుతుంది.

గోధుమరంగుది మా అరుణజ్యోతి వదినది. దానికి వైరు పెట్టే చోటు లేదు. ఎదురుగా మైకు పెట్టాలి.

సాయంత్రం ఆరింటికి గురునాథరావు మావయ్య రిటైర్మెంట్ ఫంక్షన్. స్టీల్ ప్లాంటులో ముప్పై నాలుగేళ్లు క్రేన్ నడిపాడు. ఆయన కోసం నేనొక పాట వాయించాలి.

ఏ గిటారో నాలుగింటికల్లా తేల్చమన్నాడు సౌండ్ చూసే ఉమేష్ భయ్యా.

ముందు నల్లది వాయించాను.

"ఏక్‌దమ్ సాఫ్! లేచి తిరుగుతూ కూడా వాయించుకోవచ్చు," అన్నాడు ఉమేష్ భయ్యా.

నాకు తిరగాలని లేదు.

తరవాత గోధుమరంగుది. పన్నెండో మెట్టుకి ఎదురుగా, జానెడు దూరంలో మైకు పెట్టాడు.

"కదలకు బెహన్. కదిలితే సౌండ్ పోతాది."

తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా హాలంతా వినిపించింది. దాంతోపాటు ఇంకేదో.

"పాడతన్నదెవరే?" గులాబ్ జామూన్ల గిన్నె దించుతున్న వరలక్ష్మమ్మ అత్త తలెత్తింది.

నా వేళ్లు ఆగిపోయాయి. వాయించేటప్పుడు కూనిరాగం తీస్తానని నాకే తెలియదు.

"అరే వాహ్, సింగర్ ఫ్రీగా దొరికింది!" ఉమేష్ భయ్యా నవ్వాడు.

"నల్లదే వాయిస్తాను," అన్నాను.

"ఏటీ?" ముందు వరసలోంచి మావయ్య.

ప్లాంటు మోతకి ఆయన చెవులు మందగించాయి. నాకేమో గొంతు పెగలదు. మా ఊళ్లో పదో తరగతి అయ్యాక ఈ హిందీ ఊరికి, మావయ్య ఇంటికి వచ్చి రెండేళ్లు. నా మాటలన్నీ డైరీలోనే.

ఆయనతో మాత్రం వేళ్లతో మాట్లాడతాను. చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే ఇంకా ఎత్తమని. పిడికిలి మూస్తే చాలని. క్రేన్ సైగలు. భోజనాల దగ్గర అన్నానికీ అవే.

"ఇంట్లోనూ డ్యూటీయే ఈ మనిషికి," అంటుంది అత్త.

నల్ల గిటారు వైపు వేలు చూపించాను. మావయ్య తలూపాడు. తరవాత అత్త చెవి దగ్గరికి వంగాడు.

"రెండేళ్ల బట్టీ ఇంట్లో ఉంది. పిల్ల గొంతెలగుంటాదో నానింకా ఎరగనే."

గుసగుసలాడాననుకున్నాడు. హాలంతా వినపడింది.

అత్త ఆయన మోచేతి మీద చిన్నగా కొట్టింది. నేను తీగలు తుడుస్తున్నట్టు తల వంచుకున్నాను.

ఆరింటికి పూలదండ, శాలువా, నాలుగు ఉపన్యాసాలు అయ్యాయి. "అబ్ పద్మశ్రీ," అని నా పేరు పిలిచారు.

ఉమేష్ భయ్యా వైరు అందించాడు.

వద్దని తలూపి, గోధుమరంగు గిటారు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"పక్కా?"

"పక్కా."

మైకు తెచ్చి జానెడు దూరంలో పెట్టాడు.

పాట రెండో లైనుకే కూనిరాగం వచ్చేసింది. నాకు వినిపించింది. వేళ్లు ఆగలేదు.

వెనక వరసలో ఎవరో తలెత్తి చూశారు. మావయ్య శాలువా జారిపోతున్నా పట్టించుకోకుండా, చెవి వెనక చెయ్యి పెట్టుకుని ముందుకు వంగి నా పెదవులే చూస్తున్నాడు.

కుడిచెయ్యి పైకెత్తాడు. చూపుడువేలు గుండ్రంగా తిప్పాడు.

ఉమేష్ భయ్యా సౌండ్ పెంచే బటన్ మీద చెయ్యి వేసేలోపే, నేను మైకు మీదికి వంగి నోరు తెరిచాను.

పాట అయ్యేదాకా ఆయన పిడికిలి మూయలేదు.