బాయిలర్ గది కిటికీ

“వాచ్‌మన్ ఉద్యోగమే అయినా, పన్నెండో క్లాసు పూర్తిచేసినట్టు హైస్కూల్ డిప్లొమా ఉండాల్సిందే లైల్. అది రూలు,” అన్నాడు హోస్టెట్లర్.

ఒహాయో చలిలో ఆయన ఆఫీసుకి నడిచొచ్చిన లైల్, వీధికి అవతలున్న స్కూలు వంక చూశాడు. టైర్ల ఫ్యాక్టరీ మూతబడి ఊరు సగం ఖాళీ అయ్యాక, పిల్లల్లేక అదీ మూతబడింది. ఒకప్పుడు క్లాసులు ఎగ్గొట్టేవాళ్ళని పట్టుకోవడానికి గేటు దగ్గర నిలబడే వైస్ ప్రిన్సిపాల్ హోస్టెట్లరే ఇప్పుడు ఆ ఖాళీ భవనానికి ఇన్‌ఛార్జి.

“పిల్లల్లేని బడికి కాపలా కాయడానికి చదువెందుకు సార్?”

“నన్నడిగితే నేనేం చెప్పను? రాగి పైపులన్నీ దొంగలు ఊడబీక్కుపోతున్నారు. గేటు తాళం వేసినట్టే ఉంటోంది. ఎటునుంచి వస్తున్నారో అంతుపట్టడం లేదు.”

“బాయిలర్ గది కిటికీలోంచి సార్. దాని గడియ పడదు.”

“నీకెలా తెలుసు?”

“పదకొండో క్లాసులో నేను చదువు మానేసి ఫ్యాక్టరీ పనికి పోయింది అందులోంచే. మీరు గేటు దగ్గరున్నారు.”

హోస్టెట్లర్ బల్ల సొరుగు లాగాడు. లైల్‌కి ఆశ పుట్టింది. ముసలాయన అందులోంచి సుత్తీ మేకులూ తీసి బల్ల మీద పెట్టాడు.

“ఆ కిటికీకి చెక్క కొట్టెయ్. ఇవాళ్టికి కూలీ ఇస్తా. దీనికి డిప్లొమా అక్కర్లేదులే.”

లైల్ సుత్తి అందుకున్నాడు. “లోపల్నుంచి కొట్టమంటారా సార్?”

“బయట్నుంచే కొట్టు. డిప్లొమా లేనివాణ్ణి లోపలికి పంపానని తెలిస్తే నా ఉద్యోగం పోతుంది.”