లచ్చవ్వ చేసే సరి

నోట్లో పెట్టిన రాగి సరి జావను అర్పిత గౌను మీదికి ఉమ్మేసింది.

నేత్ర ఓపిక తెచ్చుకుని ఇంకో చెంచా ఊది చల్లార్చింది. ఆదివారం గనక ఆఫీసు తొందర లేదు. నెయ్యి వేసింది, బెల్లం వేసింది. ఉండలు కట్టకుండానే కలిపాననుకుంది.

"ఒక్కటి తినమ్మా. నా బంగారు కదా."

"ఇది వద్దు. ఆ సరి కావల్ల."

"ఏ సరి?"

మూడో ఏడు నడుస్తున్న ఆ పిల్ల పక్కింటి గోడ వైపు వేలు చూపించింది.

నేత్ర చెంచాను ఠక్కున గిన్నెలో పడేసింది.

ఆ గోడకు అవతల మునిలక్ష్మమ్మ ఉంటుంది. ఒంటరి మనిషి. ఎవరి తాలూకో, ఏ ఊరి నుంచి వచ్చిందో, చింతామణిలో ఆ వీధివాళ్ళకు సరిగా తెలియదు. తెల్లవారగానే నేత్ర చిక్కబళ్ళాపురం బస్సెక్కి ఉద్యోగానికి పోతుంది. భర్త అమరేష్ ఎరువుల అంగడి తెరవడానికి పోతాడు. పాకే వయసు నుంచీ అర్పిత ఆమె దగ్గరే పెరుగుతోంది. లచ్చవ్వా అని పిలుస్తుంది.

మునిలక్ష్మమ్మ రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకలు రప్పిస్తుంది. నీడన ఆరబెట్టి, పిండి చేసి, పలచటి బట్టలో జల్లిస్తుంది. ఆ పిండితో ఏ పూటకా పూట సరి చేస్తుంది. సాయంత్రం క్యారెట్టు వేసి మెత్తగా ఉడికించిన పప్పన్నం. పొద్దుటిది సాయంత్రం పెట్టదు.

ఇదంతా నేత్రకు తెలుసు. తెలిసే కొద్దీ కడుపులో మండేది.

ఒకసారి తానూ ఎవరికీ చెప్పకుండా రాగులు మొలకెత్తించింది. అవి పులిసి వాసన పట్టాయి. ఎవరూ చూడకుండా పారబోసింది.

"ఆదివారం పూట రామ్మా, ఇద్దరమూ కూర్చొని సరి పిండి చేద్దాము," అని మునిలక్ష్మమ్మ ఒకనాడు పిలిచింది. "కష్టమేం లేదు."

"నాకు రాదని ఎవరు చెప్పినారు?" అంది నేత్ర.

ఆమె నవ్వింది. ఆ నవ్వు కూడా నేత్రకు గుచ్చుకుంది.

ఒక సాయంత్రం నేత్ర బస్సు దిగి గబగబా నడిచి వచ్చేసరికి, అర్పిత మునిలక్ష్మమ్మ ఒళ్ళో కూర్చుని అన్నం తింటోంది. తల్లిని చూసి నవ్వింది గానీ లేచి రాలేదు. ఇంకో ముద్ద కోసం నోరు తెరిచింది.

ఆరిన బట్టలు తీస్తున్న ఎదురింటి రూప మేడ మీది నుంచి చూసింది.

"ఏం నేత్రా, కనింది నువ్వు. అమ్మ మాత్రం ఆయమ్మ అయిపోయిండాదే."

తమాషాకే అంది. నేత్రకు మాత్రం తమాషాగా లేదు.

ఇంటికి రాగానే అమరేష్‌తో చెప్పింది. "పాపను ప్లేస్కూల్లో వేద్దాము."

"ఇప్పుడేం తొందర? ఆయమ్మ కాడ బాగా తింటా ఉండాది గదా."

"అందుకే."

మరునాడు పొద్దున పక్కింటి గడప దగ్గరే నిలబడి ఆ మాట మునిలక్ష్మమ్మకూ చెప్పేసింది.

"ఇంగ పాపను పంపించము లచ్చమ్మా. స్కూల్లో వేస్తాండాము."

మునిలక్ష్మమ్మ పాప తల దువ్వడం ముగించి దువ్వెన పక్కన పెట్టింది.

"మంచిదమ్మా. చదువు కావల్ల గదా." ఆమె లోపలికి పోయి ఒక డబ్బా తెచ్చింది. "నిన్ననే పట్టిన పిండి. తీసకపో. పాపకు చేసి పెట్టు."

"వద్దు. మా ఇంట్లోనూ రాగులుండాయి."

ఆ రోజు నుంచి నేత్ర ఆ పక్క కిటికీ తెరవలేదు.

స్కూలుకు పంపిన అన్నం డబ్బా నిండుగా తిరిగొచ్చేది. అంగట్లో కొన్న పిండి కలిపితే అర్పిత మూతి తిప్పుకునేది. బుజ్జగించినా తినలేదు, కసురుకున్నా తినలేదు. బుగ్గలు పీక్కుపోయాయి. దానికి తోడు జ్వరం వచ్చింది.

జ్వరం తగ్గిన పొద్దున పిల్ల కళ్ళు తెరిచి అడిగింది.

"అమ్మా, ఆ సరి."

నేత్ర ఇంకేమీ ఆలోచించలేదు. పిల్లను భుజాన వేసుకుని పక్కింటికి పోయింది.

తలుపుకు తాళం.

"ఖాళీ చేసి పోయింది గదా," అంది రూప నీళ్ళ బిందెతో అటు వస్తూ. "నీకు తెలియదా?"

"యాడికి?"

"మంచేనహళ్ళి పక్క అక్క ఉండాదంట. ఏ పల్లెనో చెప్పలేదు."

"ఫోను?"

"ఆయమ్మ కాడ ఫోను యాడుండాది? ఎప్పుడో పోవాల్సిందంట. పాప ఉండాదనే ఇన్నాళ్ళూ ఉండిపోయింది."

రూప వెళ్ళిపోయింది. నేత్ర పిల్లను ఒళ్ళోకి తీసుకుని ఆ గడప మీదే కూర్చుంది.

ఇన్నాళ్ళూ ఎవరు లేకుండా పోతే బాగుండునని కోరుకుందో, ఆ మనిషి ఇప్పుడు లేదు. అయినా కడుపులో మంట చల్లారలేదు. తన చేత్తో పెడితే తినని బిడ్డ, పోయినామె చేతి వంట కోసం పట్టుబడుతోంది.

"లచ్చవ్వ వెళ్ళిపోయింది బంగారూ," అంది. "ఇంగ నీకు ఆ సరి ఎవరు చేసి పెడతారు?"

అర్పిత తల్లి ముఖంలోకి వింతగా చూసింది.

"లచ్చవ్వకు సరి చేసేది రాదంట గదమ్మా. దినమూ నువ్వే చేసి పెట్టి బస్సుకు పోతా ఉంటివంట, అవ్వే చెప్పింది."