లోపలి పులిపిరి

పొద్దున్నే నాంచారమ్మ నీళ్లు తాగగానే, ఒంట్లోకి చూసే ఆ గ్లాసు చెప్పింది: "అన్నవాహికలో చిన్న పులిపిరి ఉంది. వైరస్ వల్ల వచ్చింది. మందు పంపుతున్నాం."

ఆమె గుండె జారిపోయింది. ముద్ద దిగడం లేదంటూనే వాళ్ల నాన్న పోయాడు. అప్పట్లో లోపలికి చూసే గ్లాసులు లేవు. అమ్మ మాత్రం రోజూ అన్నంలో ఇంకాస్త మజ్జిగ పోసి పలచన చేసేది.

"పులిపిరేగా! చిన్నప్పుడు నీ వేలి మీది పులిపిరి రాలిపోడానికి మీ నాయనమ్మ కట్టినట్టు గుర్రపు వెంట్రుక కట్టేద్దాంలే," అన్నాడు భర్త కోటయ్య.

"గొంతులోకి గుర్రాన్ని తోలతావేంటయ్యా!" అంటూ కళ్లు తుడుచుకుని నవ్విందామె.

మందు వాడిన వారానికి గ్లాసు "పోయింది" అంది. ఆ మధ్యాహ్నం నాన్నకిష్టమైన గోంగూర పచ్చడి వేడన్నంలో కలిపి, గట్టి ముద్దే మింగింది. హాయిగా దిగింది. రెండో ముద్ద మాత్రం, నాన్నకి పెట్టబోతున్నట్టు, చాలాసేపు చేతిలోనే ఉండిపోయింది.