పడని తీపి

జ్ఞానాంబ తడిపిండిలో బెల్లం వేసి రోట్లో దంచుతోంది. ఒక ముద్ద తీసి, అప్పుడే వేలూరు ఆసుపత్రి నుంచి వచ్చి కూర్చున్న రేవతి నోటి దగ్గర పెట్టింది. రేవతి మొహం తిప్పుకుంది.

"నోరు తెరువు మే. ఏడో నెల కడుపు. చలిమిడి తినకుంటే చలవ యాడినుంచి వస్తాది?"

"వద్దవ్వా. డాక్టరమ్మ తీపి ముట్టొద్దనింది."

జ్ఞానాంబ రేవతికి అమ్మమ్మ, అత్త కూడా. కూతురి కూతురినే కొడుకు మునిచంద్రకు చేసుకుంది.

"చిన్నప్పుడూ ఇంతే. మామిడిపండు నోట్లో పెడితే ఊంచేస్తాంటివి. ఒట్టి యాసాలు!"

"యాసాలు కాదమ్మా," కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చిన మునిచంద్ర అన్నాడు. "పుట్టుకతో వచ్చిన జబ్బంట."

"చక్కెర జబ్బా? ఈ వయసులోనా?"

"అది కాదు, ఇది వేరే. బెల్లం, తేనె, పండ్లు దీని ఒంట్లో విషమైపోతాయంట. టానిక్కులో కూడా చక్కెర ఉంటాదని మాత్రలిచ్చినారు."

"బెల్లం విషమా! ఆ డాక్టరమ్మను కాణిపాకం కోనేట్లో మునిగి ప్రమాణం చెయ్యమను, నమ్ముతా."

రేవతి నవ్వింది. "అన్నం, పాలు, గుడ్డు తినచ్చు అవ్వా. కడుపులో బిడ్డ బాగుండాదంట. పుట్టినాకే జాగర్త. మనవన్నీ మేనరికాలు గదా, బిడ్డకూ రావచ్చంట. పరీక్ష చేసేదాకా చనుబాలు తప్ప ఏమీ పొయ్యగూడదంట."

"పురిట్లో నీకు పాలు పడేదాకా బిడ్డ గొంతు ఎండాల్నా? బెల్లం నీళ్లు నేనే తాపుతా. మీ అమ్మకు, ఇదో ఈ నీ మొగుడికి తాపింది ఎవురనుకుంటివి? సచ్చినారా?"

"వాళ్లకు ఈ జబ్బు లేదు గదా. ఉండే బిడ్డకు తాపితే నిలవదంట. తాగింది తాగినట్టే కక్కేసి, ఒళ్లంతా పచ్చబడి..."

జ్ఞానాంబ చెయ్యి ఆగింది.

"పొట్ట ఉబ్బుతాదా?"

"ఔనవ్వా. నీకెట్ట తెలుసు?"

జ్ఞానాంబ ముద్దను రోట్లోనే వదిలేసి లేచింది. ఎవరి మొహమూ చూడకుండా గడప దాటి, మునిచంద్ర కంటే ముందు పుట్టి, బెల్లం నీళ్లు కక్కుతూ పురిట్లోనే పోయిన తన ఇద్దరు మగబిడ్డలను పూడ్చిన చేని గట్టు వైపు నడిచింది.