వాషర్ మీద వాషర్

"ఎవడమ్మాయ్, ఈ పని చేసిన వెధవ?"

స్పానర్ ఇంకా చేత్తో పట్టనే లేదు, మేస్త్రీ తిట్లు అందుకున్నాడు. షెడ్డు మధ్యలో ఇనప స్టాండు మీద బస్సు తాలూకు డీజిల్ ఇంజన్ ఉంది. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్ల చుట్టూ నల్లటి జిడ్డు. ఇందాక స్టార్ట్ చేసి చూస్తే ముసలి దగ్గు దగ్గి, షెడ్డంతా పొగ కక్కింది.

"తెలీదు మేస్త్రీ. బయటెక్కడో చేయించారట," అంది అమ్మాయి.

అమ్మాయంటే పడుచుపిల్లేం కాదు. నడివయసు మనిషి, చెవుల దగ్గర జుట్టు నెరిసింది. ఈమెను పనిలో పెట్టిందెవరో గానీ, అడక్కముందే కావలసిన స్పానర్ చేతిలో పెడుతోంది. ఆపాటి బుర్ర ఆ బయటవాడికి ఏడిస్తే ఈ ఇంజన్ ఇక్కడికొచ్చేదే కాదు.

"ఓనరెప్పుడొస్తాడు?"

"సాయంత్రానికి వస్తానన్నాడు."

"ఈలోగా ఇది పొగ లేకుండా తిరగాలి. లేదంటే ఇన్నాళ్ల నా పేరు మట్టిలో కలిసినట్టే."

ఈ మధ్య ఆయన చేతికి ఎవరూ బండి ఇవ్వడం లేదు. ఎందుకివ్వడం లేదో ఎంత ఆలోచించినా అంతుపట్టడం లేదు. ఇచ్చిన ఈ ఒక్కటీ చెడిందంటే ఇక మేస్త్రీ అనిపించుకోవడం దండగ.

మొదటి బోల్టు స్పానర్ తగలగానే వదులైపోయింది.

"చూశావా! బిగించడం కూడా చేతకాలేదు దద్దమ్మకి. స్పానర్ ఎందుకు పట్టుకోవాలి వీడు? ఇంట్లో కూర్చుని ఈగలు తోలుకోవచ్చుగా!"

ఇంజెక్టర్ పైకి లాగాడు. దాని కొసకు రాగి వాషర్ ఉంది, బాగానే ఉంది. టార్చి వేసి గుంతలోకి తొంగిచూశాడు. అడుగున ఇంకో వాషర్. పాతది.

మేస్త్రీ ఒంటికాలి మీద లేచాడు.

ఇంజెక్టర్ విప్పితే పాత వాషర్ అడుగున అంటుకుని ఉండిపోతుంది. దాన్ని కొక్కెంతో పీకి, చోటు శుభ్రం చేసి, అప్పుడు కొత్తది వేయాలి. ఈ మహానుభావుడు పాతదాని మీదే కొత్తది పడేసి చేతులు దులుపుకున్నాడు. పీట మీద పీట వేసుక్కూర్చున్నట్టు ఇంజెక్టర్ ఎత్తుగా కూర్చుంది. ఆ సందులోంచి సిలిండర్‌లోని గాలీ మసీ తన్నుకొస్తున్నాయి.

రెండోది విప్పాడు. అదే తంతు. మూడోదీ, నాలుగోదీ అంతే.

"ఒక్కదానికైతే పొరపాటనుకుందును. నాలుగూ! ఎంత శ్రద్ధగా చెడగొట్టాడో చూడు సన్నాసి!"

ఎదురుగా ఉన్న లేత్ షాపాయన గుమ్మంలోంచి తల లోపలికి పెట్టాడు. "ఏం మేస్త్రీ, ఎవరికో అక్షింతలు పడుతున్నాయి?"

ఆమె అతనివైపు ఒక చూపు చూసింది. అతను తల వెనక్కి తీసుకున్నాడు.

"ఎవడితను? వీధిలోకి కొత్తగా దిగినట్టున్నాడు. పళ్లికిలించడం తప్ప పనీపాటా ఉన్నట్టు లేదు," అని మేస్త్రీ విసుక్కున్నాడు.

పాత వాషర్లు ఒక్కొక్కటే పీకి పళ్లెంలో పడేశాడు. మసి వేలికి మెత్తగా అంటుకుంది. గట్టిపడను కూడా లేదు. అంటే నిన్నో మొన్నో వెలగబెట్టిన పనే.

"అసలు వాణ్ని కాదమ్మాయ్, వాడికి పని నేర్పినవాణ్ని అనాలి."

"నేర్పినాయన చాలా మంచి పనివాడేనట మేస్త్రీ."

"నీకెవరు చెప్పారు?"

"అందరూ అంటుంటారు."

"అయితే కన్నతండ్రిని అనాలి. ఇలాంటి చవటను కన్నందుకు తలెక్కడ పెట్టుకుంటున్నాడో!"

ఆమె అటు తిరిగి చేతిగుడ్డతో ముఖం తుడుచుకుంది. గుడ్డకున్న గ్రీజు కాస్తా బుగ్గకు అంటింది. తన మాటకు నవ్వుకుంటోందేమో అనుకుని మేస్త్రీ ఇంకో రెండు తిట్లు కలిపాడు.

తర్వాత మాటలు తగ్గాయి. గుంతల్లో బ్రష్షు తిప్పి, గుడ్డతో తుడిచి, టార్చి వేసి చూసి, తృప్తి కలగక మళ్లీ తుడిచాడు. ఒక్కో గుంతలో ఒకే ఒక్క వాషర్ వేశాడు. ఇంజెక్టర్లు చక్కగా అడుగుకంటా కూర్చున్నాయి. బిగువు సరిపోయి టార్క్ రెంచి 'టక్'మన్న ప్రతిసారీ ఆయన తలాడించాడు.

స్టార్ట్ చేస్తే ఇంజన్ ఒక్క ఊపున అందుకుంది. దగ్గు లేదు, పొగ లేదు. ఇంజెక్టర్ల పక్కన అరచెయ్యి పెట్టి చూశాడు. గాలి పిసరంత కూడా తగల్లేదు.

"ఇదీ పనంటే! ఆ వెధవ ఎప్పుడైనా కనిపిస్తే ఇటు పట్టుకురా. చెవి మెలిపెట్టి నేర్పిస్తాను."

"అలాగే మేస్త్రీ."

"ఓనరు రాలేదేం?"

"ఫోన్ చేశాడు. రేపొస్తాడట."

"రానీ. నేను చేసిన పని ఎక్కడికీ పోదు."

చేతులు కడుక్కుని కుర్చీలో వాలాడు. చాలా రోజుల తర్వాత కడుపు నిండిన మనిషిలా ఉన్నాడు. కాసేపటికే గురక పెట్టాడు.

ఇంజన్ చల్లారేదాకా ఆగి ఆమె నాలుగు ఇంజెక్టర్లనూ ఊడదీసింది, పొద్దున్నకి ఇదేదీ గుర్తుండని, కన్నకూతుర్ని కూడా పోల్చుకోలేని నాన్నకు తిట్టుకోవడానికి రేపూ ఒక వెధవ కావాలి కనక, రోజూ లాగే పళ్లెంలోని పాత వాషర్లను తిరిగి గుంతల్లో వేసి, వాటి మీద కొత్తవి పెట్టి వదులుగా బిగించింది.