వజ్రనఖుడి మనవడు

జేగురు అనే డేగ పుట్టింది రాజుగారి కొండ మీద కాదు, కొండ కింద ముళ్లపొదలో. అతని తాత వజ్రనఖుడు ఒకప్పుడు గద్దరాజుకు సేనాపతి. రాజద్రోహి అని నింద వేసి ఆయన్ను చంపించారు, కూతుర్ని కొండ దింపేశారు. ఆ కూతురే జేగురు తల్లి.

రెక్కలు ముదిరాక జేగురు కొలువు కోసం కొండెక్కాడు. వచ్చినవాళ్ల వంశం అడిగి రాజుకు చెప్పే నెమలి అతన్ని పక్కకు పిలిచింది.

"నాయనా, మీ తాత పేరెత్తకు. ఎక్కడో దూరపు కొండ డేగనని చెప్పు. హాయిగా కొలువులో చేరిపోతావు."

 అయినా జేగురు రాజు ముందుకు వెళ్లి గట్టిగా అన్నాడు. "మహారాజా, నేను సేనాపతి వజ్రనఖుడి మనవణ్ణి!"

కొలువంతా బిగుసుకుపోయింది.

"ఆ పేరు చెబితే నీ తల కూడా పోతుందని తెలియదా?" అన్నాడు ముసలి గద్దరాజు.

"తెలుసు ప్రభూ. కానీ తాత పేరు దాచుకుని బతికితే, ఆ ముళ్ల మధ్య నన్ను సాకిన అమ్మకు ఏ మొహం చూపించను?"

రాజు తల దించుకున్నాడు.

"మీ తాత ఏ ద్రోహమూ చేయలేదు. చాడీలు నమ్మి తప్పు చేసింది నేనే. ఆ మాట ఒప్పుకునే ధైర్యం ఇన్నేళ్లూ లేకపోయింది. సేనాపతి పదవి నీది."

జేగురు బాణంలా కిందికి దూసుకెళ్లాడు. "అమ్మా, లే! తాత నిర్దోషి అని రాజుగారే అన్నారు!"

ఆ సాయంత్రం తల్లీకొడుకులు రెక్క పక్కన రెక్కగా కొండ మీద వాలారు. అందరికంటే ముందు లేచి నిలబడింది ముసలి రాజే.